టెక్ సందేహాలు: మీటరు ఒకటి చెబుతోంది, యాప్ ఇంకొకటి!

ప్రశ్న: మా నాన్నగారికి ఉబ్బసం ఉంది. ఆయన కోసం గాలిలోని ధూళిని కొలిచే చిన్న మీటరు కొన్నాను. జనవరి ఉదయాల్లో అది పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నని ధూళికణాలు) విలువను 140 అని చూపుతుంటే, ఫోన్‌లో ఒక యాప్ 95 అనీ, మరో యాప్ 150 దాటిందనీ అంటున్నాయి. దేన్ని నమ్మాలి? - హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ మీటరు తెరపై అంకె పక్కన ఏముందో ముందు చూడండి. ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అని ఉంటే అది ధూళి బరువు. ఏక్యూఐ అని ఉంటే ఆ బరువును బట్టి లెక్కగట్టిన గాలి నాణ్యత సూచీ. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పైగా సూచీకి దేశానికో కొలబద్ద ఉంది. ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొలబద్ద ప్రకారం సూచీ 100, అంటే గాలి ‘సంతృప్తికరం’. అదే గాలికి అమెరికా కొలబద్ద 150కి పైన అంకె వేసి ‘అనారోగ్యకరం’ అంటుంది. మండలి వారి సమీర్ యాప్ గత 24 గంటల సగటును బట్టి సూచీని చెబుతుంది కాబట్టి, తెల్లవారుజామున మీ వీధి చివర చెత్త తగలబెట్టిన పొగ అందులో వెంటనే కనిపించదు. మీ మీటరు మాత్రం ఆ క్షణాన్నే చూపుతుంది.

ఇక తేమ సంగతి. చవక మీటర్లు ధూళిని తూకం వేయవు. లోపలి చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, లేజరు కాంతి కణాలకు తగిలి చెదురుతుంది, ఆ చెదిరిన కాంతిని బట్టి మీటరు బరువును అంచనా వేస్తుంది. పొగమంచు పట్టిన ఉదయం కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, నీటి బిందువులు కూడా కాంతిని చెదరగొడతాయి. అందువల్ల ధూళి అంతే ఉన్నా అంకె పెరుగుతుంది. గాలి నాణ్యతను కొలిచే ప్రభుత్వ కేంద్రాల్లో సాధారణంగా వాడే పరికరాలు లోపలికి వచ్చే గాలిని వేడిచేసి తేమ తగ్గించాకే కొలుస్తాయి. కాబట్టి మంచు విడిపోయాక, మధ్యాహ్నం పూట, మీకు దగ్గరలోని కేంద్రం అంకెతో మీ మీటరును వారం రోజులు పోల్చి చూడండి. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఆ మేరకు సరిచేసుకోవచ్చు.

నా సలహా ఏమిటంటే, ఆ మీటరును ఊరి గాలికి తీర్పు చెప్పడానికి కాక, ఇంట్లో పొగ ఎక్కడ పుడుతోందో పట్టుకోవడానికి వాడండి. తాలింపు వేసినప్పుడు, అగరుబత్తి వెలిగించినప్పుడు, రాత్రి దోమల కాయిల్ పెట్టినప్పుడు అంకె ఎంత ఎగబాకి, ఎంతసేపటికి దిగుతోందో రాసుకోండి. పీఎం 2.5 కణం వ్యాసం తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అది ఊపిరితిత్తుల లోపలి గాలిగదుల దాకా చేరుతుంది, మరీ సన్నని కణాలు రక్తంలోకీ వెళతాయి. ఉబ్బసం ఒక్కటే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా వీటితో పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 24 గంటల సగటుకు పెట్టిన హద్దు 15 మైక్రోగ్రాములు, మన దేశ ప్రమాణం 60. నాన్నగారి విషయంలో మొదటి అంకెనే గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న పడకగదికి ఎలాంటి ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలి?

జవాబు: పెట్టెపై సీఏడీఆర్ అంకె చూడండి, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలిని ఇస్తుందో అది చెబుతుంది. పది అడుగుల ఎత్తున్న మీ గది ఘనపరిమాణం సుమారు 41 ఘనపు మీటర్లు. గంటకు అయిదుసార్లు గాలి శుభ్రపడాలంటే 205 కావాలి. రాత్రి చప్పుడు లేకుండా తక్కువ వేగంలో నడిపితే ఈ సామర్థ్యం బాగా పడిపోతుంది కనుక, 300 ఉన్నది తీసుకోవడం మేలు. అతి సన్నని కణాలను పట్టే హెపా ఫిల్టరు ఉన్నదే కొనండి, దాన్ని నీళ్లతో కడగకండి. అయోనైజరు (గాలిలోని కణాలకు విద్యుదావేశం ఇచ్చే భాగం) మీట ఉంటే ఆపేసి ఉంచండి. కొన్నింటి నుంచి ఓజోన్ వెలువడుతుంది, ఉబ్బసం ఉన్నవారికి అది హాని.

ప్రశ్న: ధూళికణాలు భూమిని చల్లబరుస్తాయని చదివాను. గాలిని శుభ్రపరిస్తే వేడి పెరుగుతుందా? దీన్ని ఉపగ్రహ చిత్రాల్లో చూడవచ్చా? - విశాఖపట్నం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: కణాలన్నీ ఒక్కలా పనిచేయవు. బొగ్గులోని గంధకం నుంచి పుట్టే సల్ఫేటు కణాలు ఎండను వెనక్కి పంపి చల్లబరుస్తాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు ఇలాంటి కణాలే పై వాతావరణంలో చేరి, ప్రపంచ సగటు ఉష్ణోగ్రతను సుమారు అర డిగ్రీ తగ్గించాయి. డీజిలు, పిడకలు, కట్టెల పొగలోని నల్లటి మసి ఎండను పీల్చుకుని వేడెక్కిస్తుంది, హిమాలయాల మంచుపై పడి దాన్ని త్వరగా కరిగిస్తుంది. సల్ఫేటు తగ్గితే అది కప్పిపెట్టిన వేడి కొంత బయటపడే మాట నిజమే. అయితే నేలకు దగ్గరగా ఉండే ఈ కణాలు కొద్ది రోజుల్లోనో వారాల్లోనో రాలిపోతాయి, కార్బన్ డయాక్సైడు శతాబ్దాలు నిలుస్తుంది. మనుషుల ఊపిరితిత్తులను బలిచ్చి కొనుక్కునే ఆ చల్లదనాన్ని నేను సమర్థించలేను. మసిని ముందుగా తగ్గిస్తే ఆరోగ్యానికీ వాతావరణానికీ ఒకేసారి మేలు.

చూడాలంటే బ్రౌజరులో నాసా వరల్డ్‌వ్యూ అనే ఉపగ్రహ చిత్రాల సైటు తెరిచి, ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అనే పొరను ఎంచుకోండి, డబ్బు కట్టనక్కరలేదు. అందులో కనిపించేది నేల నుంచి ఆకాశం దాకా ఉన్న కణాలన్నీ కలిసి కాంతిని ఎంత అడ్డుకుంటున్నాయన్నది మాత్రమే, మీరు పీల్చే గాలిలోని మైక్రోగ్రాములు కావు. భోగి నాటి తేదీ పెట్టి చూస్తే అక్కడక్కడా ఖాళీలు కనిపించవచ్చు. అక్కడ గాలి శుభ్రంగా ఉందనుకోకండి. మేఘాలు అడ్డొచ్చిన చోట ఉపగ్రహం ఈ కొలత తీయలేదు.