ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద కీబోర్డు మరకలు పడకుండా ఏం చేయాలి?

మూత వేసినప్పుడు స్క్రీన్‌కీ కీలకీ మధ్య ఉండే సందు చాలా తక్కువ. బ్యాగులో పుస్తకాల ఒత్తిడికి మూత కాస్త వంగి కీలను తాకుతుంది. వేళ్ల నుంచి కీలకు అంటిన జిడ్డు అలా తెర మీదికి చేరుతుంది. మీకు కనిపించే చదరపు మరకలు అవే. జిడ్డయితే తుడిస్తే పోతుంది. కీల మీద ఇసుక రేణువుంటే మాత్రం గీత పడుతుంది, అది ఇక పోదు.

అందుకే స్క్రీన్ కంటే ముందు కీబోర్డు తుడవండి: మెషిన్ ఆపేసి, కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో. బ్యాగులో ఛార్జర్‌తో కలిపి కుక్కకండి.

మధ్యలో గుడ్డ వేసి మూసే అలవాటు కొందరికి ఉంది, నాకైతే టెన్షనే. మ్యాక్‌బుక్‌లకు కెమెరా కవర్ పెట్టినా 0.1 మి.మీ. మందం దాటకూడదని ఆపిల్ అంటుంది. కీబోర్డు మీద వేసే దళసరి సిలికాన్ కవరైతే తెర పగలొచ్చు కూడా.