స్పీచ్ థెరపీ డిగ్రీ: ఆరేళ్ల ఖర్చు చూశాకే అడ్మిషన్ ఫీజు కట్టండి

ప్రశ్న: మేం హ్యూస్టన్‌లో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో గ్రేడ్ చదువుతోంది. స్పీచ్ థెరపిస్ట్ అవ్వాలని కమ్యూనికేషన్ డిజార్డర్స్‌లో బ్యాచిలర్స్‌కి అప్లై చేసింది. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీల్లో ఒకదాంట్లో, వేరే రాష్ట్రంలోని ప్రైవేట్ యూనివర్సిటీలో సీటొచ్చింది. ప్రైవేటులోనే చేరతానంటోంది. ఈ డిగ్రీకి అంత డబ్బు పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. స్టేట్ యూనివర్సిటీలోనే చేర్పించండి. అమ్మాయి ఎంచుకున్న రంగం బాగుంది. అయితే ఈ బ్యాచిలర్స్ ఒక్కటీ చేతికొస్తే టెక్సస్‌లో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టు (స్పీచ్ థెరపిస్టుకు అసలు పేరు) లైసెన్సు రాదు, మాస్టర్స్ కూడా చేయాలి. కాబట్టి మీరు చూడాల్సింది ఆరేళ్ల ఖర్చు. మొదటి నాలుగేళ్లకే దాచిందంతా అయిపోతే, అసలు జీతం తెచ్చిపెట్టే చివరి రెండేళ్లకు పూర్తిగా అప్పు మీద ఆధారపడాలి.

మాస్టర్స్‌లో, ఆ తర్వాత ఏముంటుందో అమ్మాయికీ తెలియాలి. జాతీయ సర్టిఫికేషన్‌కు 400 గంటల క్లినికల్ అనుభవం కావాలి. అందులో 25 గంటలు పక్కన కూర్చుని గమనించడం, 375 గంటలు తనే థెరపీ ఇవ్వడం. ఈ రంగానికి పెట్టే ప్రాక్సిస్ అనే జాతీయ పరీక్షలో 162 రావాలి. చదువయ్యాక కనీసం 36 వారాలు, 1,260 గంటల క్లినికల్ ఫెలోషిప్, అంటే సీనియర్ల పర్యవేక్షణలో పని, ఉంటుంది. ఫెలోషిప్ సాధారణంగా జీతంతోనే చేస్తారు.

ఇంటర్నెట్‌లో కనిపించే జీతాలు మాస్టర్స్ చేసినవాళ్లవని గుర్తుంచుకోండి. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2024 మేలో స్పీచ్ పాథాలజిస్టుల మధ్యస్థ వార్షిక జీతం 95,410 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే తక్కువే వస్తోంది. నర్సింగ్ హోముల్లో ఎక్కువ, స్కూళ్లలో తక్కువ. స్కూల్ డిస్ట్రిక్టులు చాలావరకు అనుభవం చూసి, పే స్కేలు ప్రకారం ఇస్తాయి. బ్యాచిలర్స్ ఏ పేరున్న యూనివర్సిటీలో చేశారన్నదానికి అక్కడ అదనంగా ఒక్క డాలరు కూడా రాదు. ప్రైవేటు వద్దనడానికి నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా బలమైన కారణం.

ఇక అప్పు. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు (మాస్టర్స్ లాంటి పై చదువుల మిగతా ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే అప్పులు) ఉండవు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సుకు ఫెడరల్ లోను ఏడాదికి 20,500 డాలర్లకు మించదు. రెండేళ్లకు 41,000. మాస్టర్స్‌కు మొత్తం 80,000 అవుతుందనుకుంటే మిగతా 39,000 మీ జేబులోంచి పెట్టాలి, లేదా ప్రైవేట్ లోను తీసుకోవాలి. ఎనిమిది శాతం వడ్డీతో పదేళ్లకు లెక్కేస్తే ప్రతి పది వేల డాలర్ల అప్పుకూ నెలకు సుమారు 121 డాలర్లు కట్టాలి. నలభై వేలకు 485, ఎనభై వేలకు 970. మొదటి ఉద్యోగంలో అద్దె, కారు కిస్తీ, వీటి పక్కన ఆ 970 పెట్టి అమ్మాయినే లెక్క వేయమనండి. మీరు నచ్చజెప్పడం కన్నా ఆ కాగితం బాగా పనిచేస్తుంది.

మాస్టర్స్ సీటు రాకపోతే? టెక్సస్‌లో బ్యాచిలర్స్‌తో అసిస్టెంట్ లైసెన్సు తీసుకోవచ్చు. దానికి 25 గంటల పరిశీలన, 25 గంటల క్లినికల్ సహాయక అనుభవం అడుగుతారు. లైసెన్సున్న పాథాలజిస్టు పర్యవేక్షణలోనే పని చేయాలి, పరీక్షించి సమస్య ఇదీ అని తేల్చే అధికారం ఉండదు. కొన్ని కాలేజీలు ఆ గంటలను డిగ్రీలోనే చేయిస్తాయి, కొన్ని చేయించవు. చేరకముందే డిపార్ట్‌మెంటుకు ఈమెయిల్ పెట్టి కనుక్కోండి. ఆటిజం సెంటర్లలో బిహేవియర్ టెక్నీషియన్ ఉద్యోగం కూడా ఉందని చెబుతుంటారు. దానికి హైస్కూలు చదువు, 40 గంటల శిక్షణ, సర్టిఫికేషన్ పరీక్ష చాలు. ఆ ఉద్యోగం కోసమైతే నాలుగేళ్ల ఫీజు కట్టనక్కర్లేదు.

కోర్సులు ఎంచుకునేటప్పుడు చాలామంది ఒకచోట దెబ్బతింటారు. సర్టిఫికేషన్‌కు బయాలజీ, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సోషల్ సైన్స్ ట్రాన్‌స్క్రిప్టులో కనిపించాలి. స్టాటిస్టిక్స్ విడిగా చదివిన కోర్సై ఉండాలి. డిపార్ట్‌మెంటులో చేసిన రీసెర్చ్ మెథడ్స్‌ను దాని కింద లెక్కగట్టరు. ఈ సంగతి మాస్టర్స్‌లో ఉండగా తెలిస్తే ఒక వేసవి సెలవులు, ఒక కోర్సు ఫీజు పోతాయి. ఇప్పుడు స్కూల్లో ఏపీ (కాలేజీ క్రెడిట్ ఇచ్చే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) స్టాటిస్టిక్స్, ఏపీ బయాలజీ చదువుతుంటే ఆ క్రెడిట్లను వదులుకోవద్దు.

ఆడియాలజీ, అంటే వినికిడి సమస్యల వైద్యం వైపు మనసు మళ్లితే ఖర్చు ఇంకా పెరుగుతుంది. దానికి మాస్టర్స్ సరిపోదు, బ్యాచిలర్స్ తర్వాత సాధారణంగా నాలుగేళ్ల డాక్టరేట్ చేయాలి. 2024లో మధ్యస్థ జీతం మాత్రం 92,120 డాలర్లే. వినికిడి పరీక్షలంటే నిజంగా ఇష్టముంటే సరే. డబ్బు కోసమైతే అటు వెళ్లనక్కర్లేదు.

ఈ వేసవిలో ఒక స్కూల్లోనో క్లినిక్‌లోనో అమ్మాయి రెండు మూడు రోజులు గమనించేలా చూడండి. ముప్పై నిమిషాల సెషన్‌లో ముగ్గురు పిల్లలతో ఒకే ‘ర’ శబ్దాన్ని పదే పదే పలికించడం, ఎవరు ఎన్నిసార్లు సరిగ్గా అన్నారో అప్పటికప్పుడు గీతలు పెట్టుకోవడం, సాయంత్రం కూర్చుని ఆ రిపోర్టులు రాయడం. ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇదే. ఇది చూశాక కూడా ఇష్టం తగ్గకపోతే ముందుకు వెళ్లొచ్చు.

మాస్టర్స్‌కు కాలేజీలు వెతికేటప్పుడు అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉన్న ప్రతి ప్రోగ్రామూ తన వెబ్‌సైట్లో ఫలితాల పేజీ పెట్టాలి. సమయానికి కోర్సు పూర్తి చేసినవాళ్ల శాతం, ప్రాక్సిస్ పాసైనవాళ్ల శాతం అక్కడుంటాయి. ముందు ఆ పేజీ చూసి, తర్వాతే ఫీజు చూడండి. ఆ సీట్లకు పోటీ గట్టిగా ఉంటుంది, బ్యాచిలర్స్ జీపీఏనే మొదట అడుగుతారు. సోఫమోర్ (రెండో) ఏడాది చివర జీపీఏ 3.5కు దిగువన ఉంటే ఆ వేసవిలోనే అసిస్టెంట్ లైసెన్సుకు కావాల్సిన గంటలు మొదలుపెట్టించండి.