మండల విలేకరిగా చేరొచ్చా? పదకొండేళ్లు చేసిన మనిషిగా నా జవాబు

"డిగ్రీ అయిపోయింది, గద్వాల దగ్గర మా మండలానికి ఒక పేపరువాళ్లు విలేకరిగా రమ్మంటున్నారు, జీతం లేదు, యాడ్ల టార్గెట్ ఉంటుందట, చేరొచ్చా అన్నా" అని అడిగావు. నేనూ ఆ జిల్లాలోనే పదకొండేళ్లు కంట్రిబ్యూటర్‌గా చేశాను తమ్ముడూ. చేరు. కానీ ఇంట్లో తిండికి వేరే దారి ఉంటేనే చేరు.

నాకు రెండెకరాల సీడు పత్తి, అంటే విత్తనం కోసం పండించే పత్తి, ఉండేది, దాంతోనే నిలబడ్డాను. పేపరు ఇచ్చేది లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్తను కొలిచి కట్టే డబ్బు. అది నా బండి పెట్రోలుకు కూడా చాలేది కాదు. చేతికి నాలుగు రూపాయలు కనిపించేది యాడ్ల కమీషన్‌తోనే. ఆగస్టు 15, దసరా, జనవరి 26, నాయకుల పుట్టినరోజులు దగ్గరపడితే బ్యూరో నుంచి, అంటే పేపరు జిల్లా ఆఫీసు నుంచి, ఫోన్లు మొదలయ్యేవి. ఫలానా వార్త ఎందుకు మిస్సయిందని అడిగిన ఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒక దసరాకు సీడు ఆర్గనైజర్ ఒకాయన దగ్గర, అంటే విత్తన కంపెనీకీ రైతులకూ మధ్య ఉండి పంట పెట్టించే ఆయన దగ్గర, పావు పేజీ యాడ్ తీసుకున్నాను. తర్వాతి ఎండాకాలం ఆయన కింద పత్తి పెట్టిన రైతులు నా ఇంటికొచ్చారు. జీఓటీ ఫెయిలైందని వాళ్ల విత్తనం తీసుకోలేదట. విత్తనాన్ని నాటి, మొక్కలు పెరిగాక కల్తీ ఉందో లేదో చూసే పరీక్ష అది, మన దిక్కు సీడు రైతులకు ఆ మూడక్షరాలంటేనే గుండెదడ. పరీక్ష ఎక్కడ చేశారో, ఎవరు చూశారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా సీడు రైతునే, వాళ్ల బాధ నాకు ఒకరు చెప్పనక్కర లేదు. అయినా "కనుక్కుంటా" అని పంపించాను. నెల రోజులు ఏమీ రాయలేదు. అబద్ధం రాయమని నన్నెవరూ అడగలేదు, ఆ ఆర్గనైజర్ ఫోన్ కూడా చేయలేదు. తీసుకున్న యాడే చేతులు కట్టేసింది. జిల్లా పేజీ చదివేటప్పుడు నేను ఇప్పటికీ యాడ్లే ముందు చూస్తాను, ఆ తర్వాత ఆ యాడ్లిచ్చినవాళ్ల మీద ఏ వార్త లేదో వెతుకుతాను.

ఇంకొకటి చెప్పాలి, ఇది నా తప్పే. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నాయని ప్రతి ఫోన్లో వీడియోలే. మోటారుసైకిల్ మీద ఇద్దరొచ్చి పిల్లాణ్ణి లాక్కుపోయే వీడియో నువ్వూ చూసే ఉంటావు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రకటన. చివర్లో పిల్లాణ్ణి తిరిగి దింపి బోర్డు చూపిస్తారు, ఆ ముక్క కత్తిరించి మన ఊళ్ల మీదికి వదిలారు. ఒక రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్: "అన్నా, దొంగను పట్టుకున్నరు, వేపచెట్టుకు కట్టేసిండ్రు." వెంటనే ఫొటో కూడా వచ్చింది. ఆ ఊరు నాకు పద్నాలుగు కిలోమీటర్లు. పేజీ వెళ్లిపోయే టైమైందని కూర్చున్నచోటే నాలుగు లైన్లు కొట్టి పంపాను. ఫొటోను మా మండలం గ్రూపులో కూడా పెట్టాను.

పొద్దున స్టేషన్‌కు పోతే తెలిసింది. ఆయన రాయచూర్ దిక్కు ముసలాయన, మతి స్థిమితం లేక ఇల్లు విడిచి నడుచుకుంటూ వచ్చాడు. కన్నడం తప్ప ఏదీ రాదు, అందుకే అడిగినదానికి జవాబు చెప్పలేకపోయాడు. పెదవి చిట్లింది, ఒక కన్ను తెరవలేకపోతున్నాడు. కొడుకు ఆధార్ కార్డు పట్టుకుని వచ్చాడు. ఎవరో ఇచ్చిన మా పేపరు ఆ కొడుకు చేతిలో ఉంది. తెలుగు చదవడం రాదు. అది రాసింది నేనని తెలియక, "మా నాయన గురించి ఇందులో ఏం రాసిండ్రు సార్" అని నన్నే అడిగాడు. చదివి వినిపించాను.

సవరణ మూడో రోజు పడింది, పేజీ అడుగున మూడు లైన్లు. ఫొటో మాత్రం నెల తర్వాత వేరే ఊరి పేరుతో నాకే తిరిగొచ్చింది. ఒక మెసేజ్‌ను ఒకసారికి 5 చాట్లకు మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది ఆ జూలైలో. అప్పటికే నేను పెట్టిన ఫొటో ఎన్ని ఊళ్లు తిరిగిందో. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గద్వాల, వనపర్తి దిక్కు 400కు పైగా ఊళ్లకు పోలీసులను పంపి, డప్పు చాటింపులతో, పాటలతో నమ్మొద్దని చెప్పించారు. ఆ డప్పు మా ఊళ్లో మోగిన రోజు నేను ఇంట్లోంచి బయటికి రాలేదు.

అప్పట్నుంచి ఫోన్ చేసినవాణ్ణి ముందు ఒకటే అడిగేవాణ్ణి: "నువ్వు చూసినవా, విన్నవా?" విన్నానంటే చూసినవాడి నంబర్ తీసుకునేవాణ్ణి. పంచాయతీ కార్యదర్శికో, ఆశా కార్యకర్తకో ఒక ఫోన్ కొట్టేవాణ్ణి. బండి తీసి పోలేకపోతే ఆ రాత్రికి వార్త పంపడం మానేశాను. దాంతో కొన్ని వార్తలు వేరే పేపర్లలో ముందు వచ్చాయి, వార్తలు దిద్దే డెస్క్‌వాళ్లతో మాటలు పడ్డాను.

చేరేముందు బ్యూరోవాళ్లను రెండు విషయాలు అడుగు. దసరా టార్గెట్ ఎంత? తప్పు పడితే సవరణ ఏ పేజీలో, ఎంత సైజులో వేస్తారు? వాళ్లేం చెప్పారో ఇక్కడే రాయి, చూసి చెబుతాను.