సమాధానం: మామగారి బీరు సరదా, తమ్ముడి పేలిన సీసా

లండన్‌లో కొడుకింట్లో బీరు చేయడం చూసొచ్చిన మీ మామగారు విజయనగరంలోనూ మొదలెడదామంటున్నారని, ఇంజనీరింగ్ చదివే మీ తమ్ముడు వీడియో చూసి పెట్టిన అల్లం బీరు (పేరుకే బీరు, అల్లం, పంచదార, ఈస్టుతో పులియబెట్టే గ్యాస్ డ్రింకు) సీసా వంటింట్లో పేలిందని రాశారు.

బీరు మాట వదిలేయండి. బ్రిటన్‌లో సొంతానికి చేసుకుంటే 1963 నుంచి లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడ 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం. మామగారికి మెల్లగా చెప్పండి, అలుగుతారేమో!

ఇక సీసా. ఈస్టు పంచదార తిని గ్యాస్ వదులుతుంది. ఆ వీడియోలో చెప్పిన రోజులు 20 డిగ్రీల చలిదేశం లెక్క అయుంటాయి. మన మే నెల ఎండలో అదే పని చాలా తొందరగా అయిపోతుంది, గ్యాస్‌కి దారి లేక గాజు పగులుతుంది. గాజు సీసా ముట్టుకోవద్దు. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో పైన మూడు వేళ్ల ఖాళీ వదిలి మూత పెట్టండి. పూటపూటకీ నొక్కి చూడాలి. రాయిలా గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి. చల్లదనానికి పులియడం నెమ్మదిస్తుందే గానీ ఆగదు, రెండు మూడు రోజుల్లో తాగేయండి. కొంచెం ఆల్కహాల్ ఎలాగూ పుడుతుంది కాబట్టి రోజుల తరబడి బయట ఉంచొద్దు, పిల్లలకి ఇవ్వొద్దు.

ఈ సీసా నొక్కే డ్యూటీ మామగారికే ఇవ్వండి. కుర్రాళ్లు కొలతలు పక్కాగా చూస్తారు, తర్వాత ఫోన్లో పడి మర్చిపోతారు. పొద్దున తియ్యగా ఉన్న తాటికల్లు మధ్యాహ్నానికి ఎలా పులుస్తుందో ఆయన తరానికి ఒకరు చెప్పక్కర్లేదు. అల్లం తురమడం తమ్ముడి పని.