తౌబా చేస్తున్నా మనసు నెమ్మదించట్లేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం, అల్లిపురం. బంధువుల నిఖాలో అందరినీ నవ్వించాలని నా తోటికోడలి నత్తిని అనుకరించాను. ఎవరో వీడియో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆమె చూసింది. అప్పటి నుంచి ఏ ఫంక్షన్‌లోనూ నోరు విప్పట్లేదు. మా పాప కూడా వాళ్ల చాచీని (పిన్నిని) అలాగే వెక్కిరిస్తోంది. తహజ్జుద్‌లో (రాత్రి నిద్ర లేచి చేసే నమాజులో) ఏడుస్తూ తౌబా చేస్తున్నాను, క్షమించమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాను. ఆమెకు ముఖం చూపించాలంటే భయం. అల్లాహ్ క్షమిస్తే చాలదా?

జవాబు: చెల్లెమ్మా, మీ బాధ నిజమైనదే. తప్పు మానేయడం, చేసినందుకు కుమిలిపోవడం, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవడం... తౌబాకు ఉలమాలు (మత పండితులు) చెప్పే ఈ మూడూ మీలో కనిపిస్తున్నాయి. సాటి మనిషిని నొప్పించినప్పుడు నాలుగోది కూడా ఉంది. ఆ మనిషి హక్కు తిరిగి ఇవ్వాలి, లేదా మాఫీ అడగాలి. మీరు అక్కడే ఆగిపోయారు. ఎంత ఏడ్చినా మనసు తేలికపడనిది అందుకేనేమో.

ఎగతాళి వద్దని ఖురాన్‌లో 49వ సూరా (అధ్యాయం) 11వ ఆయతు (వాక్యం) ఆడవాళ్లను విడిగా పేర్కొని మరీ చెప్పింది. మీరు నవ్విన ఆవిడే మీకన్నా మంచిదై ఉండొచ్చు అంటుంది. అబూ దావూద్ సేకరించిన హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల కథనాల్లో) ఉంది: ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా ఒకసారి ఆయన మరో భార్య హజ్రత్ సఫియ్యా పొట్టితనం గురించి ఓ మాట అన్నారు. ఆ మాటను సముద్రంలో కలిపితే నీళ్లన్నీ పాడవుతాయన్నారు ప్రవక్త. ఆర్కే బీచ్‌లో నిలబడి చూసినవాళ్లం, ఆ నీళ్లెన్నో మనకు తెలుసు. ఎంత లాభం వచ్చినా ఒక మనిషిని అనుకరించడం తనకు ఇష్టం లేదని కూడా ఆయన అక్కడే అన్నారు.

మీ తోటికోడలికి తెలియకుండా ఎక్కడో అన్న మాటైతే, చెప్పి కొత్తగా గాయం చేయొద్దని, ఆమె కోసం దువా (ప్రార్థన) చేసి, అన్నచోటే మంచి చెప్పమని చాలామంది ఉలమాలు అంటారు. ఇక్కడ ఆమె కళ్లారా చూసింది. కాబట్టి మీరు వెళ్లాల్సిందే.

ఇంట్లో జనం లేని వేళ వెళ్లండి. అత్తగారిని మధ్యవర్తిగా తీసుకెళ్లొద్దు, పెద్దల ముందు ఆమె కాదనలేదు. ‘సరదాకి చేశాను’ అనొద్దు. ‘నీ మాటను నలుగురిలో నవ్వులపాలు చేశాను. తప్పు నాది, మాఫ్ చెయ్యి’ అనండి, చాలు. ఆమె జవాబు చెప్పడానికి ఎంతసేపు తీసుకున్నా మాట అందించకండి. నత్తి ఉన్నవాళ్ల వాక్యాన్ని మనం పూర్తి చేయడం కూడా నొప్పించేదే.

పరువు తీసింది గ్రూపులో కాబట్టి, ఆమె సరేనంటే అక్కడా నాలుగు ముక్కలు రాయండి. వీడియో పెట్టినవాళ్లతో తీయించండి.

ఆమె వెంటనే క్షమించకపోవచ్చు. అది ఆమె హక్కు, ఒత్తిడి చేయకండి. సలాం మానకండి, దువాలో ఆమెను మరవకండి. అల్లాహ్ కరుణపై నిరాశ వద్దని 39వ సూరా 53వ ఆయతు చెబుతుంది. టెన్షన్‌తో నిద్ర పట్టకుండానే ఉంటే డాక్టర్‌ని కలవండి.

పాపను తిట్టకండి, చూసిందే చేస్తోంది. నాలుక ముడి విప్పమని ప్రవక్త మూసా అలైహిస్సలాం చేసిన దువా పిల్లలకు నేర్పుతాం కదా, అది 20వ సూరాలో ఉంది. అర్థం చెప్పి కలిసి చదవండి. చాచీకి తను కూడా సారీ చెప్పాలని పాపతో ఇవాళే మాట్లాడండి, కానీ ముందు మీరు చెప్పి రండి.