వందో మారథాన్‌కి తోడు పరుగు: లెక్క తేల్చడం నుంచి మెడల్స్ తగిలించడం దాకా

ప్రశ్న: మా రన్నింగ్ గ్రూపులో అందరికంటే పెద్దావిడకి 67 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా పరిగెడుతున్నారు. ఎప్పుడూ బహుమతి కొట్టింది లేదు కానీ, గ్రూపులో సగం మందికి పరుగు అలవాటు చేసింది ఆవిడే. త్వరలో వందో మారథాన్. దాన్ని మేమే సొంతంగా ఏర్పాటు చేసి, ఆవిడతో పాటు తలా కొంత దూరం పరిగెత్తాలని ఉంది. ఎలా చేస్తే బాగుంటుంది?

జవాబు:

ముందు లెక్క తేల్చండి, టీషర్టుల సంగతి తర్వాత. ఇన్నేళ్లు పరిగెత్తినవాళ్లు నోటిమాటగా చెప్పే అంకె ఒకటో రెండో అటూ ఇటూ ఉండటం మామూలే. మెడల్స్ డబ్బాలో హాఫ్ మారథాన్‌ది కలిసిపోతుంది. 35వ కిలోమీటరు దగ్గర ఆపేసిన రేసు టీషర్టు కూడా బీరువాలోనే ఉంటుంది. ఎండ ఎక్కువై నిర్వాహకులు దూరం తగ్గించిన రేసు ఒకటి తగులుతుంది. పేరు మారిన రేసుని రెండుసార్లు రాసుకోవడం కూడా జరుగుతుంది.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, వరుసకో రేసు చొప్పున తేదీ, పేరు, బిబ్ నంబరు (చొక్కాకి తగిలించుకునే నంబరు), గన్ టైమ్ (రేసు మొదలైన క్షణం నుంచి లెక్కేసేది), చిప్ టైమ్ (ఆవిడ స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి చిప్ లెక్కేసేది), రుజువు రాయండి. రుజువు గడి ఖాళీగా ఉన్న వరుసలకి వేరే రంగు వేయండి. సర్టిఫికెట్ దొరకనప్పుడు పాత ఫొటోలో బిబ్ నంబరు చదివి ఫలితాల పట్టికలో వెతకొచ్చు. చిప్‌లు రాకముందు రేసులకి గన్ టైమ్ ఒక్కటే ఉంటుంది, ఇంకోటి ఊహించి రాయకండి. 42.195 కిలోమీటర్లకి తక్కువైనదేదీ లెక్కలోకి రాదు. అంతకంటే పొడవైన అల్ట్రాలు కలుపుకోవాలా అన్నది ఆవిడనే అడగండి. ఏదైనా క్లబ్బులో ఈ వందని నమోదు చేయించే ఆలోచన ఉంటే, సొంతంగా పెట్టుకున్న పరుగుని వాళ్లు ఒప్పుకుంటారో లేదో నియమాలు ముందే చదవండి. ఫౌజా సింగ్ 2011లో వందేళ్ల వయసులో టొరంటో మారథాన్ పూర్తి చేశారు. అయినా జనన ధ్రువపత్రం లేదన్న కారణంతో గిన్నిస్ వాళ్లు నమోదు చేయలేదు. కాగితం విలువ అంత.

ఇదంతా కనీసం రెండు నెలల ముందు ముగించాలి. ముందురోజు రాత్రి 98 అని తేలితే చేసేదేమీ ఉండదు, అప్పటికే బ్యానర్ అచ్చయి ఉంటుంది.

అదే పట్టికతో ఇంకో మంచి పని జరుగుతుంది. ప్రతి టైమ్‌కీ ఏజ్ గ్రేడింగ్ వేయండి. ఆ వయసుకి, స్త్రీలకో పురుషులకో ఉన్న ప్రామాణిక సమయాన్ని ఆవిడ టైమ్‌తో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. 60 దాటితే స్థానిక స్థాయి, 70 దాటితే ప్రాంతీయ, 80 దాటితే జాతీయ స్థాయి అని లెక్క. అన్ని రేసులకీ ఒకే ఏడాది పట్టికలు వాడాలి, లేకపోతే పోలిక తప్పుతుంది. ఇలా వేసి చూస్తే నలభైల్లో పరిగెత్తిన అతి వేగవంతమైన టైమ్ కంటే అరవై దాటాక వచ్చిన టైమే మెరుగని తేలడం అరుదేం కాదు. జ్ఞాపిక మీద ‘స్ఫూర్తిప్రదాత’ అని చెక్కించే కన్నా ఆ శాతాన్ని, ఆ రేసు పేరుని చెక్కిస్తే ఆవిడ రెండుసార్లు చదువుతారు.

సర్‌ప్రైజ్ ఆలోచన ఉంటే మానుకోండి. మారథాన్‌కి ముందు రెండు మూడు వారాలు దూరం తగ్గించుకోవాలి, ముందురోజు తిండీ నిద్రా చూసుకోవాలి. ఏ రోజు పరిగెత్తాలో తెలియనివాళ్లు సిద్ధం కాలేరు. ఆవిడని అడగాల్సినవి మూడే: ఎంతమంది తోడు ఉంటే ఇబ్బంది లేదు, పరుగులో మాటలు కావాలా వద్దా, చివర్లో ఎక్కణ్ణుంచి ఒంటరిగా వదిలేయాలి.

రూటు విషయానికొస్తే, 5 కిలోమీటర్ల ల్యాప్ ఎనిమిదిసార్లు, పైన 2.195 కిలోమీటర్లు. ఆ చిల్లర దూరాన్ని మొదట్లోనే పెట్టండి. 1,097.5 మీటర్లు వెళ్లి, తిరిగి వస్తే సరిపోతుంది. ఆ తర్వాత ప్రతి ల్యాపూ ఒకే గీత దగ్గర ముగుస్తుంది. టైమ్ రాసేవాళ్లు, నీళ్లు, ప్రథమ చికిత్స అన్నీ అక్కడే ఉంచొచ్చు. చిల్లరని చివరికి పెడితే ఎనిమిదో ల్యాప్ అయ్యాక ఫినిష్ గీత దాటి మళ్లీ పరిగెత్తాలి. 40 కిలోమీటర్లు అయిన కాళ్లకి అది శిక్ష.

వాచీ చూసి దూరం కొలవకండి, ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. జీపీఎస్ సిగ్నల్ అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వాచీ సాధారణంగా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. వాచీలో 42.2 వచ్చిన చోట గీత గీస్తే అసలు దూరం తక్కువయ్యే ప్రమాదం ఉంది. రేసుల రూట్లు కొలిచేది సైకిల్‌తో. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ (చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే చిన్న పరికరం) బిగించి, స్టీల్ టేపుతో కొలిచి పెట్టుకున్న కనీసం 300 మీటర్ల గీత మీద నాలుగుసార్లు తొక్కి, కిలోమీటరుకి ఎన్ని అంకెలు తిరుగుతాయో చూస్తారు. రూటు కొలిచాక మళ్లీ నాలుగుసార్లు తొక్కుతారు. ఎండ పెరిగితే టైరులో గాలి ఒత్తిడి మారి లెక్క మారుతుంది కనుక. మలుపుల్లో అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, రన్నరు వెళ్లగలిగే అతి దగ్గర దారినే తొక్కాలి. కొలతలో పొరపాటు ఉన్నా దూరం తక్కువ కాకుండా చివర్లో కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలుపుతారు, అంటే మారథాన్‌కి 42 మీటర్లు.

ఇంత శ్రమ మీ వల్ల కాదనుకుంటే 400 మీటర్ల ట్రాక్ ఉంది: 195 మీటర్లు, ఆపైన 105 రౌండ్లు. కాకపోతే ఆవిడ మొదటి లేన్‌లోనే ఉండాలి, తోడువాళ్లు రెండో లేన్‌లో. రెండో లేన్ రౌండుకి 7 మీటర్లు ఎక్కువ, 105 రౌండ్లకి దాదాపు 740 మీటర్లు. మర్యాదకి ఆవిడని పక్కకి జరగమంటే అంత దూరం ఊరికే పరిగెత్తించినట్టే. ఒకే వైపు తిరిగితే లోపలి కాలి మీద భారం పడుతుంది కాబట్టి సగంలో దిశ మార్చండి. రౌండ్లు లెక్కపెట్టడానికి ఇద్దరు ఉండాలి, ఒకరితో మాత్రం పెట్టుకోకండి.

5 కిలోమీటర్ల ల్యాపే అనుకుందాం. లక్ష్యం ఐదున్నర గంటలైతే కిలోమీటరుకి 7 నిమిషాల 49 సెకన్లు, ల్యాపుకి 39 నిమిషాలు. ఉదయం 5:00కి మొదలైతే గీత దగ్గరికి 5:17కి వస్తారు, తర్వాత 5:56, 6:35, 7:14, 7:54, 8:33, 9:12, 9:51, చివరికి 10:30. ఈ టైములు అచ్చు వేసి, ఏ ల్యాప్‌లో ఎవరు చేరాలో పక్కన పేర్లు రాయండి. 9:12 అంటే అప్పటికి 32 కిలోమీటర్లు అయ్యాయి. ఆ తర్వాతి రెండు ల్యాపులూ ఒక్కోటి నాలుగైదు నిమిషాలు సాగొచ్చు. ఆ ల్యాపులకి ఓపికస్తుల్ని పెట్టండి. వచ్చేవాళ్లు పది నిమిషాల ముందుండాలి, ఎదురుచూడాల్సి వచ్చినా విసుక్కోకూడదు.

తోడు పరిగెత్తడం తేలిగ్గా కనిపిస్తుంది గానీ, చెడగొట్టేది ఎక్కువగా తోడువాళ్లే. అప్పుడే దిగిన కాళ్లకి 7:49 పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం) నడకలా ఉంటుంది. పక్కన పరిగెడుతూనే తెలియకుండా అరడుగు ముందుంటారు. ఆవిడ ఆ అరడుగుని అందుకుంటారు, వాళ్లు మళ్లీ అరడుగు జరుగుతారు. రెండు కిలోమీటర్లు అయ్యేసరికి పేస్ 7:30కి దిగిపోతుంది, అంటే వేగం పెరిగిపోతుంది. దాని ఫలితం అప్పుడు కనిపించదు, 33వ కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసినప్పుడు కనిపిస్తుంది. అందుకే తోడుండేవాళ్ల భుజం ఎప్పుడూ ఆవిడ భుజానికి కాస్త వెనక ఉండాలి. ఒకసారికి ఇద్దరు చాలు. ఎదురుగాలి ఉంటే మాత్రం ఒకరు ముందుకొచ్చి, వాచీ చూసుకుంటూ గాలికి అడ్డు నిలవొచ్చు. మాటలు ఆవిడ మొదలుపెడితేనే. ‘ఇంకెంత, ఐదే కదా’ అనే మాటని గ్రూపులో నిషేధించండి. 1992 న్యూయార్క్ మారథాన్‌లో, ఆ రేసు వ్యవస్థాపకుల్లో ఒకరైన ఫ్రెడ్ లీబో మెదడు క్యాన్సర్ బయటపడ్డాక పరిగెత్తినప్పుడు, ఆ రేసుని తొమ్మిదిసార్లు గెలిచిన గ్రెటె వైట్స్ ఆయన పక్కనే ఉండి ఐదున్నర గంటలకు పైగా ఆయన వేగంతోనే వచ్చారు. తోడు అంటే అదీ.

మీ సొంత పరుగు కాకుండా బహిరంగ రేసులో చేయాలనుకుంటే, నమోదు కానివాళ్లు మధ్యలో దూరకూడదు. బయటివాళ్లు పేస్ ఇవ్వడం నియమాలకి విరుద్ధం. వేరేవాళ్ల బిబ్ తగిలించుకుంటే, పడిపోయినప్పుడు వైద్యులకి అందేది ఇంకొకరి వివరాలు.

నీళ్ల బాధ్యత ఒక్క మనిషికే ఇవ్వండి. వేడుక కదా, గీత దగ్గర నిలబడ్డ ప్రతివాళ్లూ ఒక గ్లాసు చాపుతారు, ఆవిడ కాదనలేక తాగుతారు. ఐదున్నర గంటలు నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకి తక్కువ నీళ్ల వల్ల ఎంత ప్రమాదమో, ఎక్కువ నీళ్ల వల్ల అంతకంటే ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వాంతి, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. అప్పుడు ఇంకా నీళ్లు పట్టకండి, వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. దాహాన్ని బట్టి తాగడమే సరైన లెక్క. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూడండి, తర్వాత పెరిగి ఉంటే ఎక్కువ తాగినట్టే. సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) తెలిసినవాళ్లు ఇద్దరు, వీలైతే ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే) పరికరం గీత దగ్గరే ఉండాలి. ఛాతీలో నొప్పి అంటే పరుగు అక్కడితో ఆపేయాలి, వందోదైనా సరే.

గీత దాటగానే ఉపన్యాసాలు వద్దు, ఫొటో కోసం నిలబెట్టొద్దు. పరిగెడుతున్నంతసేపూ పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి, బీపీ పడి, కళ్లు తిరుగుతాయి. ఐదు పది నిమిషాలు పక్కన ఒకరు పట్టుకుని నడిపించండి, తర్వాత పొడి చొక్కా, కుర్చీ. మాట్లాడేవాళ్లు గంట ఆగాలి. నన్నడిగితే సభ వారం తర్వాత పెట్టుకోండి. ఆవిడ మెట్లు మామూలుగా దిగుతారు, నవ్వు కూడా నిజమైనది వస్తుంది.

బిబ్ నంబరు 100 అని అందరూ అనుకునేదే. ఆవిడ మొదటి మారథాన్ నంబరు పట్టికలో దొరికితే దాన్నే మళ్లీ ఇవ్వండి. బోస్టన్ మారథాన్‌లో అధికారిక నంబరుతో పరిగెత్తిన తొలి మహిళ కాథరీన్ స్విట్జర్ 1967లో అక్కడ 261 నంబరుతో పరిగెత్తి, 2017లో 70 ఏళ్ల వయసులో అదే నంబరుతో మళ్లీ పరిగెత్తారు. ఆ తర్వాత నిర్వాహకులు ఆ నంబరుని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. మీ గ్రూపు కూడా అంతటి పని చేయొచ్చు, ఖర్చేమీ లేదు.

పుస్తకంలో రాతలు సేకరించేటప్పుడు ‘నాలుగు మంచి మాటలు రాయండి’ అనకండి, నలభై మందీ ఒకటే రాస్తారు. ఏ రేసు, ఎన్నో కిలోమీటరు, అప్పుడు ఆవిడ ఏమన్నారు అని అడగండి. పాత టీషర్టులతో బొంత కుట్టిస్తే, సాగే గుడ్డ కాబట్టి ముక్కలు కత్తిరించే ముందు వెనక అతికే లైనింగ్ ఇస్త్రీతో అంటించాలి. పాలిస్టర్‌ది కరిగిపోతుంది, పైన పలచటి గుడ్డ వేసి తక్కువ వేడిలో చేయాలి. ఏవి కత్తిరించొచ్చో ఆవిడతోనే ఏరించండి. మెడల్స్ స్టాండ్ ఇచ్చేటట్టయితే బరువు లెక్క చూసుకోండి. ఒక్కోటి 150 గ్రాములు అనుకున్నా వంద కలిస్తే 15 కిలోలు. ఒకే కడ్డీ వంగిపోతుంది. నాలుగు కడ్డీలు, ఒక్కోదానికి పాతిక, గోడకి మేకులు కాకుండా ప్లగ్గులు వేసి స్క్రూలు. ఐదో కడ్డీకి కూడా చోటు వదలండి, ఆవిడ 101వ దానికి అప్పటికే పేరు ఇచ్చి ఉంటారు.