మార్కులు తక్కువగా వేస్తారని పేరున్న ప్రొఫెసర్ సెక్షన్‌లో చేరాలా?

ప్రశ్న: వరంగల్‌లో బీటెక్ పూర్తిచేసి, టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేస్తున్నాను. మొదటి సెమిస్టర్‌లో ఒక ఎ, రెండు బి గ్రేడ్లు వచ్చాయి. రెండో సెమిస్టర్‌లో ఆల్గరిథమ్స్ తప్పనిసరి కోర్సు. దాన్ని ఇద్దరు ప్రొఫెసర్లు చెబుతున్నారు. ఒకరికి విద్యార్థులు ఇచ్చిన రేటింగ్ 5కు 4.6. ‘సులువుగా ఎ వస్తుంది’ అని రాశారు. రెండో ప్రొఫెసర్ రేటింగ్ 2.1. ‘మార్కులు వేయడానికి చేతులు రావు’, ‘ఆమె ఉచ్చారణ అర్థం కాదు’, ‘హోంవర్క్‌లో ఒకటి, పరీక్షలో ఇంకొకటి’ అని ఆమె మీద ఫిర్యాదులు. సీనియర్లందరూ ఆమె సెక్షన్ వద్దంటున్నారు. ఆమె దగ్గర చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న అక్క ఒకరు మాత్రం కళ్లు మూసుకుని చేరిపొమ్మంటున్నారు. నాన్న చేసిన అప్పు ఉంది. జీపీఏ 3.0 కన్నా తగ్గితే ఎలా అని భయంగా ఉంది. అడ్వైజర్‌ను అడిగితే ఎవరు మంచివారో చెబుతారా?

జవాబు: చేరండి. కళ్లు మూసుకుని మాత్రం వద్దు. ఈ సెమిస్టర్‌లో మీరు తీసుకునే మిగతా రెండు కోర్సుల్లో భారీ ప్రాజెక్టు ఉన్నది ఒకటికి మించకుండా చూసుకోగలిగితే, 2.1 రేటింగ్ ఉన్న ప్రొఫెసర్ దగ్గరే ఆల్గరిథమ్స్ చదవమని నా సలహా.

ముందు భయం సంగతి చూద్దాం. దాన్ని లెక్కలో పెడితే ఎంత ఉందో తెలుస్తుంది. ఎకు 4, బికి 3, సికి 2 పాయింట్ల చొప్పున, అన్నీ మూడు క్రెడిట్ల కోర్సులే అనుకుంటే మీ జీపీఏ ఇప్పుడు 3.33. వచ్చే సెమిస్టర్‌లో మూడింటిలోనూ బి వస్తే 3.17 అవుతుంది. ఆల్గరిథమ్స్‌లో సి వచ్చి, మిగతా రెండింటిలో బి వచ్చినా ఆరు కోర్సుల సగటు సరిగ్గా 3.0 దగ్గర ఆగుతుంది. అంటే ఈ ఒక్క కోర్సులో సి వచ్చినంత మాత్రాన మీరు ప్రొబేషన్‌లో, అంటే జీపీఏ తగ్గినవారిని పెట్టే హెచ్చరిక జాబితాలో, పడరు. అయితే కొన్ని విభాగాల్లో మొత్తం జీపీఏతో పాటు కోర్ కోర్సులకు విడిగా ఇంత సగటు ఉండాలనే నిబంధన కూడా ఉంటుంది. మీ గ్రాడ్యుయేట్ క్యాటలాగ్‌లో ఆ పేజీ తెరిచి మీరే చదవండి. వాట్సాప్ గ్రూపులో తిరిగే స్క్రీన్‌షాట్‌ను నమ్ముకోవద్దు.

‘చేరు, కష్టమనిపిస్తే మధ్యలో డ్రాప్ చెయ్యి’ అని మీ సీనియర్లలో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఎఫ్‌-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవారికి ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా లేదు. సాధారణంగా ఎంఎస్ విద్యార్థికి సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు ఉంటేనే ఫుల్‌టైమ్. మూడు కోర్సుల్లో ఒకటి వదిలితే 6 మిగులుతాయి. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) ముందస్తు అనుమతి లేకుండా ఆ పని చేస్తే వీసా స్టేటస్‌కే ముప్పు. చదువులో ఇబ్బంది అనే కారణంతో క్రెడిట్లు తగ్గించుకునే వెసులుబాటు ఎంఎస్ స్థాయి మొత్తంలో ఒక్కసారే దొరుకుతుంది, అదీ చాలా పరిమితమైన సందర్భాల్లోనే. కాబట్టి మీ నిర్ణయమంతా మొదటి వారంలోనే, అంటే ఒక కోర్సు వదిలి మరొక కోర్సులో చేరడానికి గడువు ఉండగానే జరిగిపోవాలి.

ఇక రేటింగ్. పరీక్ష పోయిన రాత్రి కోపంతో రాసేవారు, అనుకోకుండా ఎ వచ్చిన ఆనందంలో రాసేవారు అందులో ఎక్కువగా కనిపిస్తారు. తిన్నగా చదువుకుని బి ప్లస్ తెచ్చుకుని తన దారిన పోయే విద్యార్థి ఏమీ రాయడు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థులను సెక్షన్లకు యాదృచ్ఛికంగా కేటాయిస్తారు, ఎవరికి నచ్చిన ప్రొఫెసర్‌ను వారు ఎంచుకునే వీలు లేదు. ఒక కోర్సులోని అన్ని సెక్షన్లకూ పరీక్ష ఒకటే. ఆర్థికవేత్తలు స్కాట్ క్యారెల్, జేమ్స్ వెస్ట్ అక్కడి పది వేల మందికి పైగా విద్యార్థుల ఫలితాలను పరిశీలించి 2010లో ఒక పత్రం ప్రచురించారు. అనుభవం తక్కువగా ఉన్న అధ్యాపకుల దగ్గర క్యాలిక్యులస్ చదివినవారికి ఆ కోర్సులో మార్కులు బాగా వచ్చాయి, వారు తమ అధ్యాపకులకు మంచి రేటింగులూ ఇచ్చారు. తర్వాతి గణిత కోర్సులకు వచ్చేసరికి మాత్రం, అనుభవజ్ఞుల దగ్గర మొదటి కోర్సు చదివినవారే ముందున్నారు. ఆ కోర్సులో వచ్చే గ్రేడు, దాని నుంచి తర్వాత మనకు మిగిలేది ఎప్పుడూ ఒకే వైపు నడవవని ఆ పరిశోధన చూపించింది. అది డిగ్రీ స్థాయి గణితం, సైనిక క్రమశిక్షణ ఉన్న చోటు. మీ ఎంఎస్‌కు దాన్ని ఉన్నదున్నట్టు అన్వయించలేం. 4.6 వచ్చిన ప్రొఫెసర్ నిజంగానే గొప్పగా చెబుతూ ఉండవచ్చు కూడా. కానీ ‘సులువుగా ఎ వస్తుంది’ అన్న మాటలో ఆయన బోధన గురించి ఒక్క ముక్క కూడా లేదు, గమనించండి.

మీకు ఆల్గరిథమ్స్ తర్వాత వచ్చేవి ఏమిటి? మెషిన్ లెర్నింగ్, డేటాబేస్‌ల లాంటి పై కోర్సులు. ఆ వెంటనే ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు. ఆ ఇంటర్వ్యూల్లో గ్రాఫులు, డైనమిక్ ప్రోగ్రామింగ్ అడుగుతారు, కాలసంక్లిష్టత (టైమ్ కాంప్లెక్సిటీ) ఎంతో చెప్పమంటారు. అక్కడ ఎ గ్రేడు చూపించి తప్పించుకోలేరు. అప్పు ఉన్న ఇంటి బిడ్డగా మీరు ఆలోచించాల్సిన లెక్క ఇక్కడ ఉంది. ఆ అక్క మీతో అన్న మాట నాకు బరువుగా తోస్తున్నది కూడా ఇందుకే. మిగతావాళ్లు కోర్సులో కూర్చుని ఉండగా రాశారు, ఆమె కోర్సు తర్వాతి జీవితం చూసి చెబుతున్నారు.

ఫిర్యాదులను ఇప్పుడు విడదీద్దాం. ‘ఉచ్చారణ అర్థం కాదు’ అన్నది పక్కన పెట్టండి. ఆ మాట మన తెలుగు ప్రొఫెసర్ల మీద కూడా అక్కడి పిల్లలు రాస్తుంటారు. మొదటి రెండు క్లాసులు వింటే మీకే తేలిపోతుంది. ఆమె స్వభావం గురించి రాసిన విశేషణాలన్నీ కూడా తీసేయండి. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక ఆన్‌లైన్ కోర్సుకు పనిచేసిన ఒక పురుషుడు, ఒక మహిళ తమ బృందాల్లో ఒకదానికి సొంత పేరుతో, ఇంకోదానికి రెండోవారి పేరుతో పాఠం చెప్పారు. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. చెప్పేది ఎవరైనా సరే, పురుషుడి పేరు ఉన్నచోట రేటింగులు పెరిగాయి. దిద్దిన పేపర్లు అందరికీ ఒకే సమయానికి తిరిగి ఇచ్చినా, ‘త్వరగా ఇచ్చారు’ అన్న అంశంలో కూడా మహిళ పేరుకు తక్కువే పడింది. చిన్న అధ్యయనమే, నలభై చిల్లర మంది విద్యార్థులతో చేసినది. అయినా ‘ఆవిడ దురుసు మనిషి’ అన్న వాక్యం చదివేటప్పుడు మనసులో పెట్టుకోదగినది.

మిగిలేవి వాస్తవాలు, వాటినే ఏరుకోవాలి. 2022లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పే మెయిట్‌లండ్ జోన్స్ మీద 350 మంది తరగతిలో 82 మంది సంతకాలతో ఫిర్యాదు వెళ్లింది, ఆయన ఒప్పందం రద్దయింది. ఆయన సబ్జెక్టుకు పేరున్న పాఠ్యపుస్తకం రాసిన మనిషి. పిల్లలు బద్ధకస్తులని కొందరు, ఆయన కఠినుడని కొందరు వాదించుకున్నారు. నాకు ఆ వాదన కన్నా ఫిర్యాదులోని వివరాలే ఉపయోగకరంగా అనిపించాయి. మధ్యంతర పరీక్షలు మూడు నుంచి రెండుకు తగ్గించారన్నారు, ఆయన మాట తీరు చిన్నచూపుగా ఉందనీ అన్నారు. రెండో అంశం మనిషి మనిషికీ మారుతుంది. మొదటిది మాత్రం ప్రతి విద్యార్థి గ్రేడునూ తాకుతుంది. ఒక పరీక్ష పోతే కోలుకోవడానికి ఇంకెన్ని అవకాశాలు ఉన్నాయన్నదే అక్కడ ప్రశ్న. మీ ప్రొఫెసర్ గురించి కూడా ఇలాంటివే వెతకండి. పరీక్షలు ఎన్ని? హోంవర్క్‌కు ఎంత శాతం? మొదటి పరీక్ష పేపరు డ్రాప్ గడువు లోపల దిద్ది ఇస్తారా? కర్వ్ వేస్తారా, అంటే తరగతి మొత్తానికి వచ్చిన మార్కులను బట్టి గ్రేడ్లు సర్దుతారా? ఇవన్నీ సిలబస్ పత్రంలో ఉంటాయి. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు డిగ్రీ స్థాయి కోర్సుల సిలబస్‌లు, బోధకుల వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2009 నాటి రాష్ట్ర చట్టం చెబుతోంది. ఆమె డిగ్రీ విద్యార్థులకు కూడా ఏదైనా కోర్సు చెబుతుంటే దాని సిలబస్ వెతికి చూడండి, మార్కులు ఎలా వేస్తారో ఒక అంచనా వస్తుంది.

‘హోంవర్క్‌లో ఒకటి, పరీక్షలో ఇంకొకటి’ అన్న ఫిర్యాదు దగ్గర కాస్త ఆగాలి, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన దగ్గర పాఠం చెప్పేవారు ఒకరు, సెమిస్టర్ చివర పేపరు ఇచ్చేవారు ఇంకొకరు, దిద్దేది మనకు తెలియని మూడో మనిషి. హైదరాబాద్ జేఎన్‌టీయూ 2018లో తెచ్చిన ఆర్‌18 నిబంధనల్లో నూటికి 75 మార్కులు ఆ చివరి పరీక్షకే ఉండేవి. పాత ప్రశ్నపత్రాలు నాలుగు తిరగేస్తే దారి దొరికేది. అమెరికాలో చెప్పేదీ, అడిగేదీ, గ్రేడు వేసేదీ ఒక్కరే. ఆమెకు ఏం కావాలో ఆమెనే అడగవచ్చు. దానికోసమే ఆఫీస్ అవర్స్ పేరుతో ప్రొఫెసర్లు వారంలో కొంత సమయం కేటాయిస్తారు, మన పిల్లలు అటు వెళ్లరు. హోంవర్క్‌లో ఒక ఆల్గరిథమ్ రాయించి, పరీక్షలో అది ఎందుకు పనిచేస్తుందో నిరూపించమని అడిగితే ఆ సబ్జెక్టులో అది అన్యాయం కాదు. మొదటి హోంవర్క్ ఇచ్చిన వారంలోనే వెళ్లి, మీరు రాసిన ఒక నిరూపణ చూపించి, ‘పరీక్షలో ఈ మాత్రం వివరణ సరిపోతుందా?’ అని అడగండి. మార్కులు పోయాక వెళ్లి బతిమాలడం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

ఈ సెలవుల్లో మీ సత్తా మీరే చూసుకోండి. గణిత అనుగమనంతో ఒక నిరూపణ, ఒక రికరెన్స్ సాధన, ఒక గ్రాఫ్ సమస్య పుస్తకం మూసి రాయండి. రెండు వారాలు కూర్చున్నా కదలకపోతే, ఈ సెమిస్టర్‌కు 4.6 రేటింగ్ ఉన్న ప్రొఫెసర్ సెక్షన్ తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. సిలబస్ చూశాక మొత్తం గ్రేడు రెండే పరీక్షల మీద నిలబడి ఉందని తేలినా, వేర్వేరు సంవత్సరాల విద్యార్థులు ‘సెమిస్టర్ మధ్యలో నిబంధనలు మార్చారు’ అని ఒకే మాట రాసి ఉన్నా నా సలహా మారిపోతుంది. కఠినంగా దిద్దేవారి దగ్గర నెగ్గుకురావచ్చు, ఎలా దిద్దుతారో ఎవరికీ అంతుపట్టని చోట అది కుదరదు.

సీనియర్ల పాత హోంవర్క్ ఫైళ్లు మీ గ్రూపులోకి వస్తే తెరవకండి. 1994లో తయారైన మాస్ అనే సాఫ్ట్‌వేర్ రెండు ప్రోగ్రాముల పోలికను పట్టేస్తుంది, పేర్లు మార్చినంత మాత్రాన దాని కన్ను కప్పలేరు. ‘ఆవిడ ఇద్దరికీ సున్నా వేశారు’ అనే కథలో దాచిన సగం చాలాసార్లు ఇదే అయి ఉంటుంది. అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు, అంటే చదువులో కాపీ కొట్టారన్న కేసు, ఒకటి నమోదైతే సి గ్రేడు కన్నా ఎన్నో రెట్లు నష్టం.

అడ్వైజర్ ఎవరు మంచివారో చెప్పరు, అది వారి పని కాదు. కోర్ సగటు నిబంధన ఏమిటి, సి వస్తే ఆ కోర్సు మళ్లీ చదవాలా, ఈ రెండు సెక్షన్లలో సీట్లు ఎప్పుడు తెరుస్తారు అన్నవి ఈమెయిల్‌లో అడగండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ మొదలయ్యే నాటికి ఆ జవాబు మీ చేతిలో ఉండేలా ఈ వారమే రాయండి.